రెండు మోకాళ్ళ గొట్టం

నా తమ్ముడి తల పగిలిన రోజున వాడి బుగ్గలు ఎంత ఎర్రగా ఉన్నాయంటే, చూడగానే నాకు కోపమొచ్చింది. మధ్యాహ్నం పన్నెండు కావస్తోంది. నేను అన్నం డబ్బా పట్టుకుని రెండంతస్తుల మెట్లెక్కి ల్యాబుకి వచ్చాను. తలుపుకున్న అద్దంలోంచి చూస్తే వీడు నేల మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు, మొహం నిగనిగలాడుతోంది. "ఒరేయ్ కుంభకర్ణా, ఇది నిద్రపోయే వేళా?" అని తలుపు మీద గుద్దాను. కదల్లేదు. అప్పుడు కనిపించింది, వాడి తల కిందనుంచి బల్ల కాలి దాకా పాకిన నెత్తురు. ఆ గోడలో పొద్దస్తమానం గుర్రుమనే ఫ్యాను కూడా ఆగిపోయి ఉంది.

ఇంకేముంది, డబ్బాతో అద్దం బద్దలుకొట్టాను. లోపలికి చెయ్యి పెట్టి, తలుపు మూస్తే దానంతటదే పడే గడియ తీసేసరికి ముంజేయి పొడుగునా చీరుకుపోయింది. ఇరవై అయిదేళ్ళుగా గాజు ఊదుతున్న ఊపిరితిత్తులు నావి. గుండె నిండా గాలి పీల్చి, మూతి బిగించి, లోపలికి దూకాను. వాణ్ణి చంకల కింద పట్టి ఈడుస్తుంటే నా మోచెయ్యి బల్ల మీద గాజు పాత్రకి తగిలి చురుక్కుమంది. పగిలిన గాజు పెంకులు వాడి జుట్టులో ఇరుక్కుని ఉన్నాయి. దవడ ఒక పక్కకి వేలాడుతోంది. నడవాలోకి లాగి పడేశాక గాని ఊపిరి తీసుకోలేదు. తీసుకున్నాక నేను పెట్టిన కేకకి మూడంతస్తులూ పరుగెత్తుకొచ్చాయి.

నా సంగతి కాస్త చెప్పాలి. ఈ పరిశోధన కేంద్రంలో గాజు పని నాది. కింద వర్క్‌షాపులో మంట ముందు కూర్చుని, పైన సైంటిస్టులు గీసిచ్చిన పాత్రలు ఊది ఇస్తాను. ప్లాటినం తీగ కొస మంటలో కరిగించి మిరియపు గింజంత పూస చేసి, గాజులో బిగించి ఇస్తాను. నన్ను అందరూ కొలిమక్క అంటారు. పనికి సగం, నోటికి సగం. చెయ్యి కూడా నోటంత చురుకైనదే. కిందటేడు స్టోరు మనిషి ఖాళీ ఆక్సిజన్ సిలిండర్ అంటగట్టి, పైగా "నీకే వాడటం రాలేదు" అంటే చెంప ఛెళ్ళుమనిపించాను. ఇంకొక్కసారి చెయ్యి లేస్తే ఇంటికే అని డైరెక్టరమ్మ కాగితం ఇచ్చింది.

ఆ సాయంత్రమే తమ్ముడు నా చెయ్యి తీసి వాడి నెత్తి మీద పెట్టుకున్నాడు.

"అక్కా, నా మీద ఒట్టు. ఇక ఎవరి మీదా చెయ్యెత్తకు."

"ఎత్తితే?"

"ఎత్తితే నాకేమైనా అవుతుంది. అంతే."

వాడికీ నాకూ పదమూడేళ్ళు తేడా. అమ్మ పోయాక ఈ చేతులతోనే పెంచాను. సైన్సు చదివినవాడికి ఒట్లేమిటని నవ్వాను గాని, ఆ తర్వాత ఎవరిమీదా చెయ్యెత్తలేదు.

ఆసుపత్రిలో డాక్టరు చెప్పింది ఇదీ: పీల్చింది కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. నెత్తుట్లో ప్రాణవాయువు కూర్చునే చోట అది తిష్ట వేస్తుంది, మొహం ఎర్రగా నిగనిగలాడుతూనే మనిషి పోతాడు. "ఇంకో పది నిమిషాలైతే చేసేదేమీ ఉండేది కాదమ్మా" అన్నాడు. తల వెనక కుట్లు పదకొండు. దవడ రెండు చోట్ల విరిగింది, తీగలతో బిగించారు. బతుకుతాడో లేదో నాలుగు రోజులాగితే గాని చెప్పలేమన్నారు. ఒత్తిడి పెట్టి ఆక్సిజన్ ఎక్కించే గొట్టంలాంటి గాజు గదిలో పడుకోబెట్టారు.

ఆ గ్యాసు సంగతి నాకు కొత్త కాదు. వాడు అన్నం తింటూ చెప్పేదంతా అదే. వాళ్ళ పని ఆ గ్యాసుని కావాలని ప్లాటినం పూస మీదికి వదలడం. అది పూసంతా పరుచుకుని పట్టుకుంటుంది. ఇక ఆ ప్లాటినం ఎందుకూ పనికిరాదు. వీళ్ళ భాషలో 'విషం పట్టింది' అంటారు. దాన్ని వదిలించడానికి వోల్టేజి మెల్లగా పెంచుకుంటూ పోతారు. ఒక చోటికి రాగానే ఒక్కసారిగా గ్యాసు కాలి ఊడిపోతుంది, కంప్యూటరు తెర మీద గీత కొండలా లేస్తుంది.

"తమాషా ఏమిటంటే అక్కా, గది వేడిలో సున్నా పాయింటు ఏడు వోల్టుల దాకా తొయ్యాలి. అదే అరవై డిగ్రీలకి వేడెక్కించామనుకో, సున్నా పాయింటు అయిదు ఏడుకే ఊడొస్తుంది. చల్లగా ఉన్నంతసేపూ మొండికేస్తుంది, వేడెక్కిందా, చిన్న తోపు చాలు."

"అద్దెకున్నవాళ్ళలాగన్నమాట" అన్నాను. మెతుకులు గొంతుకి అడ్డం పడేలా నవ్వాడు.

అయితే అరవై డిగ్రీల పని వాడికి ఎవరూ ఇవ్వలేదు. అది వాళ్ళ సీనియరు సొత్తు. జేబులో ఎప్పుడూ థర్మామీటరు ఉంటుంది గనక ఆయన్ని అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు. వేడి ప్రయోగంలో ఒక చిక్కుంది. వోల్టేజికి కొలబద్దగా ఇంకో ఎలక్ట్రోడు ఉంటుంది, అదీ వేడెక్కితే కొలతే తప్పుతుంది. అందుకని దాన్ని బయట చల్లగా ఉంచి, ఆసిడ్ నింపిన సన్నటి గొట్టంతో పాత్రకి కలపాలి. దాన్ని వంతెన అంటారు. బుడగ దూరకుండా వంతెన పెట్టడం థర్మామీటరుకి ఒక్కడికే వచ్చని పేరు. ఆయన వాడేది ప్లాస్టిక్ గొట్టం. "నీ గాజు మీద నాకు నమ్మకం లేదు, పగుల్తుంది" అని నా మొహం మీదే అన్నాడోసారి. తమ్ముడు మూడేళ్ళు బతిమాలాడు నేర్పమని. "ముందు ఇరవై అయిదు డిగ్రీలు సరిగ్గా చెయ్యి నాయనా" అనేవాడు.

రెండో రోజు విచారణ మొదలైంది. భద్రత చూసే ఆఫీసరు ముందే తేల్చేశాడు. ఫ్యాను వెయ్యలేదు, గ్యాసు వాల్వు తెరిచి వదిలేశాడు, అలారంలో బ్యాటరీ లేకపోయినా చూసుకోలేదు, కళ్ళు తిరిగి బల్లకి కొట్టుకుని పడ్డాడు. స్వయంకృతాపరాధం. ఆ మాట రాసి శుక్రవారం పదింటికి డైరెక్టరమ్మ సంతకం పెడితే తమ్ముడి ఉద్యోగం పోతుంది, ఇంకే ల్యాబూ వాణ్ణి గడప తొక్కనివ్వదు. ఆ అంతస్తులో పనిచేసే ఏడుగురి ప్రాణాలు ప్రమాదంలో పెట్టాడని కేసు కూడా పెడతారు.

థర్మామీటరు కళ్ళు తుడుచుకుంటూ వాంగ్మూలం ఇచ్చాడు. "నేను పదింటికే లైబ్రరీకి వెళ్ళిపోయాను. ఒంటరిగా గ్యాసు తెరవొద్దని వెయ్యిసార్లు చెప్పాను. వింటేనా?"

నా అరికాలి మంట నెత్తికెక్కింది. తమ్ముడు స్నానానికి నీళ్ళు పెట్టినా రెండుసార్లు పొయ్యి చూసేవాడు. వాల్వు తెరిచి వదిలేశాడా? పైగా తల వెనక ఒక దెబ్బ, దవడకి ముందు నుంచి ఇంకో దెబ్బ. బల్ల వీణ్ణి తిప్పి తిప్పి కొట్టిందా?

ఆ సాయంత్రం ల్యాబులో గాజు పెంకులు ఎత్తమని నన్నే పంపారు. ఎండిన నెత్తురు మీద మోకాళ్ళూని పెంకులు ఏరాను. ఏడుపు రాలేదు, పళ్ళు మాత్రం పటపటలాడాయి. కంప్యూటరు అలాగే నడుస్తోంది. తెర మీద ప్రమాదం జరిగిన రోజు పదకొండు నలభైకి గీసిన గీత ఉంది. ఫైలు పేరు '25 డిగ్రీలు'. కింద తమ్ముడి పొడి అక్షరాలు. నేను లేచి, గీత కొండ ఎక్కడుందో వేలు పెట్టి చూశాను.

సున్నా పాయింటు అయిదు ఏడు.

నా మోచెయ్యి మీద కాలిన మచ్చ వంక చూసుకున్నాను. ఇరవై అయిదు డిగ్రీల పాత్ర చెయ్యి కాలుస్తుందా? ఆ పూట పాత్ర అరవైలో ఉంది. అరవైలో చేసేవాడు ఈ భవనంలో ఒక్కడే. లైబ్రరీలో ఉన్నానన్న పెద్దమనిషి పదకొండు నలభైకి ఇక్కడే ఉన్నాడు. ప్రయోగం చేశాడు, నా తమ్ముణ్ణి కొట్టాడు, వాల్వు తెరిచి ఫ్యానాపి వెళ్ళిపోయాడు, వెళ్తూ వెళ్తూ ఫైలుకి వాడి పేరు తగిలించాడు. నేనలా అనుకున్నాను.

గీత అచ్చు తీసుకుని పోలీసు ఇన్‌స్పెక్టరు దగ్గరికి పరుగెత్తాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అమ్మా, నాకిది కొండలా ఉంది, ఇంకేమీ కనబళ్ళేదు. ఆయన వచ్చి నేనే అక్కడ ఉన్నానంటే అది సాక్ష్యం. గీతని బోనెక్కించలేం కదా."

"ఆయనచేతే అనిపిస్తే?"

"అనిపించండి చూద్దాం" అన్నాడు నవ్వుతూ. శుక్రవారం రమ్మన్నాను. వచ్చాడు, అది ఆయన మంచితనం.

శుక్రవారం పొద్దున్న మీటింగు గదిలో పొడుగాటి బల్ల, ఇనప కుర్చీలు, స్టీలు జగ్గులో నీళ్ళు. డైరెక్టరమ్మ కలం మూత తీసింది. థర్మామీటరు ఎదురుగా మంచు ముద్దలా కూర్చున్నాడు. అంతకుముందు రెండు రోజులూ ఆఫీసరు అడిగిన ప్రతిదానికీ చల్లగా, తడుముకోకుండా జవాబు చెప్పాడు. ఎంత తోసినా కదల్లేదు.

నాకు తమ్ముడి మాట గుర్తొచ్చింది. వేడెక్కించాలి.

"సంతకం పెట్టండి మేడమ్, నేనేం అడ్డం రాను" అన్నాను చేతులు కట్టుకుని. "కానీ వాడి ఆఖరి పని చూసి పెట్టండి. ఇరవై అయిదు డిగ్రీల్లో మా వాడు అయిదు ఏడుకే విషం ఊడగొట్టాడు. ఏడు దాకా తోస్తే గాని ఊడదని కొందరు పెద్దలు ఇన్నాళ్ళూ చెప్పారు కదా? గది వేడిలోనే వాడు సాధించాడు. ఇది లోకానికి తెలియాలి, వాడి పేరు మీద."

డైరెక్టరమ్మ కాగితం అందుకుంది. ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. "నిజమే... ఎంత శుభ్రంగా ఉంది! ఇలాంటి గీత మన దగ్గర ఇంతవరకూ రాలేదు."

థర్మామీటరు మెడ మీద ఎరుపు పాకింది.

"ఎలా వస్తుంది మేడమ్?" అన్నాను. "పదిహేనేళ్ళుగా ప్లాస్టిక్ గొట్టాలు పట్టుకు వేలాడేవాళ్ళకి వస్తుందా? చేతిలో పనుండాలి. మా వాడికుంది. కొందరికి జేబులో థర్మామీటరు మాత్రమే ఉంటుంది."

"నోర్ముయ్" అన్నాడు, మెల్లగానే.

"నేను మూసుకుంటాను సార్. గీత మూసుకోదుగా. కుర్రాడు మూడేళ్ళలో నేర్చింది మీకు ముప్పై ఏళ్ళకీ..."

"ఇరవై అయిదేంటే గాడిదా!" బల్ల అదిరేలా గుద్ది లేచాడు. "అది అరవై! గాజు వంతెన పెట్టి, అరవైలో చేసింది నేను! ఆ వెధవకి అరవై ముట్టుకోవడం కూడా రాదు! ఆ గీత నాది!"

ఇన్‌స్పెక్టరు కుర్చీ వెనక్కి జరిపాడు. "పదకొండు నలభై అని ఉందండి దీనిమీద. మీరు లైబ్రరీలో కదా?"

తన నోట్లోంచి ఏం వచ్చిందో థర్మామీటరుకి అప్పుడు తెలిసింది. నా వంక చూశాడు. ఆ చూపులో మనిషి లేడు. బల్ల మీదుగా దూకి స్టీలు జగ్గుతో నా చెంప మీద కొట్టాడు. నోటి నిండా నెత్తురు, ఒక పన్ను నాలుక మీద ఊగింది. కింద పడ్డాను. కడుపులో తన్నాడు, మళ్ళీ తన్నాడు. "నీ తమ్ముడు అప్పుడే చచ్చుంటే పీడా పోయేది" అని అరుస్తూ ఇనప కుర్చీ ఎత్తాడు. తల కాపాడుకోవడానికి కుడి చెయ్యి అడ్డం పెట్టాను. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది.

అప్పుడు జగ్గు దొర్లుకుంటూ నా ఎడమ చేతి కిందికి వచ్చింది. పిడి సరిగ్గా గుప్పిట్లో పడింది. థర్మామీటరు మోకాలు జానెడు దూరంలో ఉంది. ఒక్క దెబ్బకి చిప్ప లేచిపోయేది. మంటతో, గాజుతో రాటుదేలిన చెయ్యి నాది, గురి తప్పదు. ప్రాణం కొట్టుకుపోయింది కొడదామని. కానీ ఆ క్షణంలో తమ్ముడు ఆ గాజు గదిలో చావుకీ బతుక్కీ మధ్య ఉన్నాడు, వాడి నెత్తి వెచ్చదనం ఇంకా నా అరచేతిలో ఉంది. నా మీద ఒట్టు అన్నాడు. జగ్గు వదిలేశాను. రెండో దెబ్బ భుజం మీద పడింది. మూడోది పడేలోగా నలుగురూ కలిసి థర్మామీటరుని బల్ల మీదికి అణిచిపట్టారు, ఇన్‌స్పెక్టరు చేతులు విరిచి కట్టాడు. వాడి సంచీలో అలారం బ్యాటరీ దొరికింది. సిలిండర్ విప్పే స్పానరు కూడా, గుడ్డలో చుట్టి. గుడ్డకి నెత్తురుంది.

డైరెక్టరమ్మ ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసింది. నేను నేల మీద పడుకునే చూశాను.

తొమ్మిదో రోజున తమ్ముడు కళ్ళు తెరిచి మనుషుల్ని పోల్చుకున్నాడు. దవడకి తీగలు, మాట్లాడలేడు. రాయడానికి అట్ట, కాగితాలు, పెన్సిలు ఇచ్చారు. నా మొహం మీది కమిలిన మచ్చలు, పిండికట్టు వేసిన కుడి చెయ్యి చూసి ముందుగా వాడు రాసింది: "కొట్టావా?"

"లేదురా. తన్నులు తిన్నాను, అంతే. ఒక్కటంటే ఒక్కటి కూడా వెయ్యలేదు."

నమ్మలేదు. నర్సు వంక చూశాడు. ఆవిడ నిజమేనని తలూపింది. వాడి కళ్ళ వెంట నీళ్ళు కారి చెవుల్లోకి పోయాయి. ఎడమ చేత్తో కొంగు పట్టి తుడిచాను.

జరిగిందంతా చెప్పాను. ఆ రోజు సంగతి వాడికి ఒక్క ముక్క గుర్తులేదు. మడత పెట్టి దాచిన గీత తీసి చూపించాను, గర్వంగానే. "ఇదిగో, థర్మామీటరు కొంప ముంచింది ఇదే. తను చేసిన గీతే తనని పట్టించింది. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నాడు!"

తమ్ముడు ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. కొండ మీద వేలు పెట్టాడు. అయిదు ఏడు దగ్గర వేలు ఆగింది. ఇంతకాలం వాడికి చూడనివ్వని చోటు అది. పెన్సిలు అడిగి తీసుకున్నాడు.

"వాడు కాదు" అని రాశాడు.

"ఏం కాదు?"

ఒక గీత కిందికి గీశాడు. పక్కకి వంచాడు. మళ్ళీ కిందికి వంచాడు. ఒక గొట్టం, రెండు మోకాళ్ళు.

పది రోజుల ముందు వర్క్‌షాపుకి వచ్చి "అక్కా, నాకో సన్న గొట్టం వంచి పెట్టవా, రెండు మోకాళ్ళతో" అన్నాడు. దేనికిరా అంటే "నీ టీ తాగడానికి" అని నవ్వాడు. పనిలో ఉన్నాను, విసుక్కుంటూ వంచి ఇచ్చాను, మర్చిపోయాను. వాడి జుట్టులో ఇరుక్కున్నవీ, నేల మీద నేను ఏరినవీ, ఆ పెంకులన్నీ సన్నగా, వంపుగా ఉన్నాయి. గాజు ఊదే మనిషినై ఉండి, నా చేతి పనినే పోల్చుకోలేకపోయాను.

వాడు మెల్లగా రాశాడు: "అరవై నేనే చెయ్యాలనుకున్నా. వాడు చూడకుండా 25 అని పేరు పెడదామనుకున్నా."

అంటే థర్మామీటరు నేర్పకపోయినా వీడు చేశాడు. పదిహేనేళ్ళలో వాడికి రాని గీత వీడికి వచ్చింది. వాడు వచ్చి చూశాడు. అందుకు కొట్టాడు. ఆఖరికి అందరి ముందూ అది నాదని అరిచి, అదీ దొంగిలించబోయాడు. లేచి నిలబడ్డాను.

"ఒరేయ్, ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టరా. ఒక్క రోజుకి. జైలు దాకా వెళ్ళొస్తాను."

వాడు నా కొంగు పట్టుకుని గుంజాడు. దవడ కట్లలోంచే నవ్వు కళ్ళలోకి వచ్చింది.

కూర్చున్నాక ఇంకో భయం పట్టుకుంది. "ఇది నీదని చెప్తే, సంచీలోవి ఎవరో పెట్టారని, ఆ వేళ తను అక్కడ లేనని వాడు తప్పించుకోడూ?"

వాడు రాశాడు: "గాజు వంతెనని వాడికి ఎలా తెలుసు? వాడిది ప్లాస్టిక్ కదా."

ఆ మాట గదిలో నేను విన్నాను, ఇన్‌స్పెక్టరు విన్నాడు, రాసుకున్నాడు కూడా. వెంటనే జగ్గు మొహాన పడేసరికి నా బుర్రకి ఎక్కలేదు. ఎవరూ ఆ గదిలో గాజు ఊసే ఎత్తలేదు. చూసినవాడికే తెలుసు.

తమ్ముడు గీత కాగితం నా ఒళ్ళో పెట్టాడు. పెన్సిలు నా చేతికిచ్చి, కింద ఖాళీ జాగా చూపించాడు. పేరు రాయమని. వాడి చేతికి సూదులున్నాయి, నా కుడి చెయ్యి పిండికట్టులో ఉంది. ఎడమ చేత్తో ఎప్పుడూ ఒక్క అక్షరం రాయలేదు నేను. కాగితం మోకాలి మీద పెట్టుకుని, పళ్ళ బిగువున, వంకరటింకరగా, వాడు బళ్ళో చేరిన రోజున వాడి పలక మీద రాసిపెట్టినట్టే, పూర్తి పేరు రాశాను.